తూకము ఎవరి చేతిలో? మధ్యయుగ ప్రపంచ చరిత్రను వర్తకము, సామ్రాజ్యములు, సంస్కృతుల మార్పిడి ద్వారా బోధించుటపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

మన వేదాంత కళాశాలలలోను బైబిలు పాఠశాలలలోను సంఘ చరిత్ర బోధన చాలా కాలముగా ఒకే బాటలో నడచుచున్నది. అపొస్తలుల కాలము, హింసల కాలము, కాన్‌స్టంటైను, అగస్టీను; అక్కడనుండి పోపులు, మఠములు, సిలువ యుద్ధములు; పిమ్మట 1517లో లూథరు. ఆ తరువాత ఒక్క అంగలో 1793లో కేరీ బెంగాలునకు, 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ దొరలు విశాఖపట్టణమునకు, 1874లో మెక్లారిన్ దొర కాకినాడకు వచ్చెదరు. ఈ బాటలో క్రీ.శ. 500 నుండి 1500 వరకు గల వెయ్యి సంవత్సరములకు దొరకునది రెండు మూడు వారములు మాత్రమే. ఆ వారములలో కూడ విద్యార్థి చూచునది ఐరోపా పశ్చిమ భాగమే.

ఈ లోటును పూరించుటకు ఇటీవలి దశాబ్దములలో మరియొక పద్ధతి బలపడినది. రాజుల వంశావళులను, యుద్ధముల తేదీలను వల్లె వేయించుటకు బదులు వర్తక మార్గములు, సామ్రాజ్యములు, సంస్కృతుల మార్పిడి అను మూడు అంశముల ద్వారా మధ్యయుగ ప్రపంచమును బోధించు పద్ధతి ఇది. దీనిని మేము స్వాగతించుచున్నాము. రావికమతంలో గ్రామ సంఘముల కాపరులతోను, బైబిలు పాఠశాల విద్యార్థులతోను కొన్ని సాయంకాలములు దీనిని ప్రయత్నించి చూచితిమి కూడ. అయితే స్వాగతించుట వేరు, పరీక్షింపక అంగీకరించుట వేరు. ఈ పద్ధతి మనకు పోయిన వెయ్యేండ్లను తిరిగి ఇచ్చుచున్నది. కాని బోధకుడు జాగ్రత్తపడనియెడల, అమ్మబడిన వారిని, కట్టుబానిసలైన వారిని, పేరు లేక చనిపోయిన వారిని కనబడకుండ చేయుచున్నది. ఈ రెండు మాటలను ఆధారములతో చూపుటయే ఈ వ్యాస ఉద్దేశము.

1. పాత పద్ధతి వలన కలిగిన నష్టము

లాటూరెట్ అను సంఘ చరిత్రకారుడు ఏడు సంపుటములుగా వ్రాసిన క్రైస్తవ్య వ్యాప్తి చరిత్రలో రెండవ సంపుటము 1938లో వెలువడినది. 500 నుండి 1500 వరకు గల కాలమునకు ఆయన పెట్టిన పేరునకు ‘అనిశ్చయపు వెయ్యి సంవత్సరములు’ అని అర్థము. ఆయన ఆసియా సంఘమును మరచిన వాడు కాడు. అయినను ఆ పేరు మన బోధనలో మిగిలిపోయినది. ఆ వెయ్యేండ్లు చీకటి కాలమనియు, త్వరగా దాటవలసిన లోయయనియు విద్యార్థులు తలంచుచున్నారు.

దీని నష్టము తరగతి గదిలోనే ఆగదు. మన సంఘములలోని యౌవనులను కళాశాలలలో తోటివారు అడుగు ప్రశ్న ఒకటున్నది: మీ మతము తెల్లవారితో వచ్చినది కాదా? దీనికి మనము తోమా అపొస్తలుడు క్రీ.శ. 52లో కేరళకు వచ్చెనను సంప్రదాయమును చెప్పెదము. ప్రశ్నించినవాడు మరల, సరే, ఆ తరువాత ఏమైనదని అడిగినయెడల మన దగ్గర మాట ఉండదు. తోమా నుండి కేరీ వరకు పదిహేడు వందల సంవత్సరముల ఖాళీ కనబడును. ఖాళీ కలిగిన జవాబును ఎవరును నమ్మరు.

బయటి పాఠశాలలలో కూడ ఈ కాలము కుదించుకొనిపోవుచున్నది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 2006లో పదకొండవ తరగతికి వెలువరించిన ప్రపంచ చరిత్ర పుస్తకములో మధ్య ఇస్లామిక్ దేశములపై ఒక అధ్యాయము, సంచార జాతుల సామ్రాజ్యములపై ఒక అధ్యాయము ఉండెను. 2022లో పాఠ్యాంశములను తగ్గించినప్పుడు మొదటిది తొలగింపబడినది. బాగ్దాదును గూర్చి యేమియు తెలియక వేదాంత కళాశాలకు వచ్చు విద్యార్థికి ఆ నగరములో క్రైస్తవ పేట్రియార్కు నివసించెనని చెప్పినను అతనికి అది ఎక్కడో అంటదు.

2. కొత్త పద్ధతి మనకు ఇచ్చునది

పటమును గోడకు తగిలించి వర్తక మార్గములను గీసిన వెంటనే సంఘ చరిత్ర ముఖము మారును. పర్షియా నుండి తూర్పునకు పోయిన పట్టు మార్గములో 635లో అలోపెన్ అను క్రైస్తవ బోధకుడు తాంగ్ వంశపు రాజధానికి చేరెను. 781లో అక్కడ నిలిపిన షియాన్ రాతి శాసనము ఈ సంగతిని చీనా భాషలో చెప్పుచు, సంఘ సేవకుల పేర్లను సిరియాక్ లిపిలో కూడ ఇచ్చుచున్నది. అదే కాలములో పేట్రియార్కు మొదటి తిమోతి బాగ్దాదులో ఉండి ఖలీఫా అల్ మహదీతో విశ్వాసమును గూర్చి సంభాషించెను. ఖలీఫా కోరగా అరిస్టాటిలు గ్రంథ మొకదానిని అరబీలోనికి తెప్పించెను. తొమ్మిదవ శతాబ్దములో హునైన్ ఇబ్న్ ఇస్హాక్ అను క్రైస్తవ వైద్యుడు గాలెన్ వైద్య గ్రంథములను సిరియాక్, అరబీ భాషలలోనికి అనువదించెను. గ్రీకు విద్య ఐరోపాకు తిరిగి చేరిన దారిలో ఈ అనువాదకుల చేయి ఉన్నది.

పదమూడవ శతాబ్దములో మంగోలుల కాలమునకు వచ్చినయెడల, కుబ్లాయి ఖాను తల్లి సోర్ఖఖ్తాని కెరయిట్ తెగకు చెందిన క్రైస్తవురాలు. నేటి బీజింగు నుండి బయలుదేరిన రబ్బాన్ సౌమా అను తూర్పు సంఘపు సన్యాసి 1287లో ఐరోపా చేరి, ఫ్రాన్సు రాజును, ఇంగ్లాండు రాజును చూచి, 1288లో పోపు నాలుగవ నికొలాసు చేతి నుండి సంస్కారము పుచ్చుకొనెను. తెల్లవారు మన యొద్దకు రాకమునుపే ఆసియా క్రైస్తవుడొకడు వారి యొద్దకు వెళ్ళెను. ఈ ఒక్క సంగతి మా విద్యార్థులలో కలిగించిన ఆశ్చర్యము ఇంతంత కాదు.

తెలుగు దేశము కూడ ఈ పటములో ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతములో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనము ప్రసిద్ధము. తుపానుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతముగా లాగుకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పి, ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే తీసికొందునని మాట యిచ్చెను. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు మొదలగు సరుకుల పట్టిక ఆ శాసనములో ఉన్నది. దీనిని అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయముల పక్కన పెట్టి చదివించితిమి. ఓడ పగిలి మెలితేకు చేరిన 276 మందికి ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి దయ చూపిరి. ఓడ పగిలినవాడు దోపుడు సొమ్మా, అతిథియా అను ప్రశ్న రెండుచోట్ల ఒకటే.

మన ప్రాంతమునకు మరింత దగ్గరగా చూచినయెడల, రావికమతం పక్కనున్న వడ్డాది ఆ కాలములో ఒడ్డాది మత్స్య వంశపు రాజుల స్థానము. ఆ వంశపు అర్జునుడు 1269లో ఇచ్చిన దిబ్బిడ తామ్ర శాసనములు ఆ పరిసరములలోనివే. విశాఖపట్టణము పదకొండవ శతాబ్దపు చివర కులోత్తుంగ చోళ పట్టణమని పిలువబడినది. 1090 నాటి శాసనములో అక్కడి ఐనూఱ్ఱువర్ అను వర్తక శ్రేణి పేరిట నున్న ఒక పెద్ద పల్లి, దానితోపాటు అంజువణ్ణం వర్తకుల ప్రస్తావన కనబడుచున్నవి. అంజువణ్ణం పశ్చిమాసియా నుండి వచ్చిన వర్తకుల సమాజము. మధ్యయుగ ప్రపంచము మన ఇంటి పెరటిలోనే ఉన్నదని విద్యార్థి గ్రహించుటకు ఇంతకంటె ఏమి కావలెను?

3. మొదటి హెచ్చరిక: ఆధారమునకు మించి పలుకరాదు

ఇక్కడనే మొదటి ప్రమాదము. విశాఖ శాసనములో ‘పల్లి’ అను మాట చూచిన వెంటనే మా తరగతిలో ఒక సహోదరుడు, కేరళలో చర్చిని పల్లి అందురు గనుక 1090లోనే విశాఖలో క్రైస్తవ సంఘము ఉన్నట్టే గదాయని సంతోషముతో లేచెను. ఆ సంతోషమును మేము ఆపవలసి వచ్చినది. పల్లి అను మాట బౌద్ధ, జైన, ముస్లిము, క్రైస్తవ ఆరాధనా స్థలములన్నిటికిని వాడబడినది. అంజువణ్ణములో యూదులు, ముస్లిములు, క్రైస్తవులు ఆయా రేవులలో ఆయా కాలములలో ఉండిరి. కాబట్టి ఆ పల్లి క్రైస్తవులదని మనము చెప్పజాలము. మధ్యయుగములో తెలుగు క్రైస్తవ సంఘమొకటి ఉండెనని ప్రసంగ పీఠము మీద చెప్పుటకు ఈ శాసనము చాలదు.

యౌవనులకు జవాబు చెప్పవలెనను ఆతురతతో మనము లేని సంఘమును కట్టినయెడల, ఆ జవాబు కూలిన దినమున వారి విశ్వాసమునకు కూడ దెబ్బ తగులును. సత్యమునకు సాక్ష్యమిచ్చువారు పొరుగువాని మీద మాత్రమే గాక, గతించిన వారి విషయములోను అబద్ధ సాక్ష్యము పలుకరాదు.

మార్కోపోలో కూడ ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన మోటుపల్లిని ముత్ఫిలి అని పిలిచి, భర్త మరణానంతరము ఒక రాణి న్యాయముగా ఏలుచున్నదని, అక్కడి వజ్రములను, సాలెగూటి వంటి సన్నని బట్టలను పొగడెను. ఆ రాణి రుద్రమదేవియే గాని, ఆమె గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. మార్కోపోలో ఈ తీరమునకు వచ్చినదిగా చెప్పు 1290ల నాటికి ఆమె జీవించి లేదని చందుపట్లలోని 1289 నాటి శాసనము వలన తెలియుచున్నది. ఓడ రేవులలో చెప్పుకొను మాటలను ఆయన వ్రాసికొనెను. విదేశీయుడు వ్రాసెను గనుక నిజమని గాని, తప్పు దొరికెను గనుక అంతయు కల్ల అని గాని తీర్పు తీర్చక, ఒక సాక్షిని మరియొక సాక్షితో సరిచూచుట నేర్పవలెను. సువార్తలను విమర్శనాత్మకముగా చదువుట నేర్చుకొను విద్యార్థికి ఈ అభ్యాసము కొత్త కాదు.

4. రెండవ హెచ్చరిక: మార్పిడి అందరికి సమానము కాదు

మూడవ సాయంకాలమున మేము సంస్కృతుల మార్పిడిని గూర్చి ఉత్సాహముగా చెప్పుచుండగా, మన్యము అంచు గ్రామమునుండి వచ్చిన యౌవన కాపరి యొకరు అడిగిన ప్రశ్న ఈ వ్యాసమునకు మూలము. ఆయన మాటలలోనే: “అయ్యగారూ, మార్పిడి అంటే ఇద్దరికీ సమానంగా ఉన్నట్టు చెబుతున్నారు. మా తాత అడ్డాకుల కట్టలు, చింతపండు కొండ దించుకొచ్చి, ఉప్పు, బట్ట తీసుకెళ్లేవాడు. అదీ మార్పిడే. కాని కాటా ఎప్పుడూ షావుకారుదే గదండి.”

ఈ మాటకు మా యొద్ద అప్పటికప్పుడు జవాబు లేకపోయెను. కొండ ప్రజలను దళారుల తూకమునుండి కాపాడుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినదని మనకు తెలుసు. మన సంతలో మనకు తెలిసిన సంగతిని పట్టు మార్గమునకు వచ్చుసరికి ఎందుకు మరచిపోవుచున్నాము?

ఈ ప్రశ్నతో మేము కొల్లము తామ్ర శాసనములను మరల తెరచితిమి. 849లో వేణాడు పాలకుడైన అయ్యన్ అడిగళ్, మారువాన్ సపీర్ ఈశో కట్టించిన తరిసా పల్లికి ఇచ్చిన దానపత్రమిది. సాక్షుల సంతకములు అరబీ, పహ్లవీ లిపులలోను, హెబ్రీ అక్షరములలో వ్రాసిన పారసీకములోను ఉన్నవి. ముస్లిములు, జొరాస్ట్రియనులు, యూదులు, క్రైస్తవులు ఒక చర్చి దానపత్రము క్రింద కలిసి చేవ్రాలు చేసిరి. ఇంతవరకు అందరును సంతోషముగా చెప్పెదరు. మేమును అట్లే చెప్పితిమి. కాని ఆ పత్రములో మరి రెండు సంగతులున్నవి. ఒకటి: పట్టణపు తూనికలు, కొలతల అధికారము ఆ సంఘమునకు అప్పగింపబడినది. రెండు: ఈళవ కుటుంబములు, బట్టలు ఉతుకువారి కుటుంబము, వెళ్ళాళ కుటుంబములు మొదలగు వారు సంఘమునకు సేవ చేయునట్లు భూమితోపాటు అప్పగింపబడిరి.

అనగా కొల్లములో కాటా సంఘము చేతిలోనే ఉండెను. దానము పొందినవారి పేర్లు, దాత పేరు, సాక్షుల పేర్లు మనకు తెలియును. దానముగా ఇయ్యబడిన కుటుంబముల వారికి పేర్లు లేవు. మన సంఘములలో అధిక భాగము అట్టి కుటుంబములనుండి వచ్చినవారే. ఈ పత్రమును చదువునప్పుడు మనము ఎవరి పక్క నిలువబడుచున్నాము? భారత క్రైస్తవ్యమునకు వెయ్యేండ్ల ఆధారమని చాటు బోధకుడు, ఆ ఆధారములోనే తన పితరుల వంటివారు సరుకుగా వ్రాయబడిరని గుర్తించక ముందుకు సాగరాదు.

అనకాపల్లి బెల్లము ఎరిగిన మన విద్యార్థులకు ఈ పాఠము చెరకు ద్వారా మరింత సుళువుగా అందును. సంస్కృత శర్కర పారసీకములో షకర్, అరబీలో సుక్కర్ అయి ఐరోపా భాషలన్నిటిలోనికి పోయినది. ఖండ శర్కరలోని ఖండ కూడ ఖంద్‌గా మారి మిఠాయి పేరై పడమటికి చేరినది. మార్పిడికి ఇంత చక్కని ఉదాహరణ లేదు. కాని చెరకు వెంట మరియొకటి నడచినది. సిలువ యుద్ధముల కాలములో లాటిను క్రైస్తవులు చెరకు సాగు నేర్చుకొని సైప్రసు ద్వీపములో పెంచిరి. పదిహేనవ శతాబ్దములో పోర్చుగీసువారు మదీరాలో బానిసలను కూడ పెట్టి సాగుచేసిరి. అక్కడనుండి ఆ పద్ధతి అట్లాంటిక్ దాటినది. బ్రిటిషు సామ్రాజ్యములో 1834లో బానిసత్వము రద్దయిన పిమ్మట అదే చెరకు నరుకుటకు విశాఖపట్టణము జిల్లానుండియే తెలుగు కూలీలు మారిషస్‌కును, 1860 నుండి నేటాలుకును ఓడలెక్కిరి. మాట తియ్యగా ప్రయాణించినది. మనుష్యులు అట్లు ప్రయాణించలేదు.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయములో మన చరిత్ర పుస్తకములకంటె సూటిగా ఉన్నది. ప్రకటన 18:12, 13లోని సరుకుల పట్టికను మోటుపల్లి పట్టిక పక్కన పెట్టి చూడుడి. ముత్యములు, పట్టు, దంతము, సుగంధ ద్రవ్యములు రెండింటిలోను కలవు. కాని యోహాను పట్టిక బంగారముతో మొదలై మనుష్యుల ప్రాణములతో ముగియుచున్నది. వర్తకుల లెక్కను చివరి పంక్తి వరకు చదువుమని ఆయన మనకు నేర్పుచున్నాడు.

5. మూడవ హెచ్చరిక: సామ్రాజ్యపు నీడలో నిలిచిన సంఘము

వర్తక మార్గమును, సామ్రాజ్యపు భద్రతను సువార్తకు దేవుడు వేసిన రాచబాట అని చెప్పుట సులభము. మోఫెట్ 1992లో వెలువరించిన ఆసియా క్రైస్తవ్య చరిత్ర మొదటి సంపుటము మనకెంతో మేలు చేసినది. అయినను అందులో వర్తకుడు సువార్తను మోయువాడుగానే ఎక్కువగా కనబడును. మరొక వైపు అబూ లుఘోద్ 1989లో వెలువరించిన గ్రంథములో 1250 నుండి 1350 వరకు ఐరోపా నుండి చీనా వరకు ఒకదానితో ఒకటి అల్లుకొన్న ఎనిమిది వర్తక వలయములు చూపబడినవి; ఐరోపా ఆధిపత్యమునకు ముందే ప్రపంచము ఒకటిగా ముడిపడెనని అది నిరూపించుచున్నది. అక్కడ వర్తకమే ప్రధానము, ఆరాధన చాలా తక్కువగా కనబడును. ఒకరి యొద్ద సువార్త ఎక్కువై వర్తకుని లెక్క తగ్గినది. మరొకరి యొద్ద లెక్క ఎక్కువై మనుష్యుని విశ్వాసము తగ్గినది. మన బోధకుడు రెండును చదువవలెను. ముండాడన్ 1984లో వ్రాసిన భారత క్రైస్తవ్య చరిత్ర మొదటి సంపుటము ఈ రెండింటి మధ్య మన దేశపు నేలను చూపుటకు ఉపయోగపడును.

సామ్రాజ్యము ఇచ్చిన నీడను సామ్రాజ్యమే తీసివేయును. చీనాలో 635లో ఆదరణ పొందిన సంఘము 845లో వుజోంగ్ చక్రవర్తి విదేశీ మతములపై ఇచ్చిన ఆజ్ఞతో కూలినది. మంగోలుల కాలములో మరల చిగురించి, 1368లో మింగ్ వంశము వచ్చిన పిమ్మట మరల కనుమరుగైనది. 1258లో హులాగు బాగ్దాదును నాశనము చేసినప్పుడు అతని క్రైస్తవ భార్య దోఖుజ్ ఖాతూను వలన క్రైస్తవులు తప్పించుకొనిరి. అది అప్పటికి రక్షణ. కాని పొరుగువారు కత్తి పాలైన దినమున మనము మాత్రము విడువబడితిమను జ్ఞాపకము పొరుగువారి హృదయములో ఎంత కాలము నిలుచును? 1295లో గజాన్ ఖాను ఇస్లామును స్వీకరించిన తరువాత ఆ సంఘము దాని ఫలము అనుభవించెను.

మార్గము మోయునది సువార్త మాత్రమే కాదు. నేటి కిర్గిజ్‌స్తానులో ఇస్సిక్ కూల్ సరస్సు దగ్గరి క్రైస్తవ శ్మశానములలో సిరియాక్ అక్షరముల సమాధి రాళ్ళున్నవి. వారు వర్తక మార్గముమీద నివసించిన జనులు. తేదీలు గల 467 రాళ్ళలో 118 రాళ్ళు 1338, 1339 అను రెండు సంవత్సరములవే. కొన్నిటిమీద తెగులు వలన చనిపోయెనని వ్రాసియున్నది. 2022లో ప్రచురింపబడిన పరిశోధన ఆ ఎముకలలో ప్లేగు సూక్ష్మజీవి ఆనవాళ్ళను కనుగొన్నది. కొన్ని సంవత్సరములకే ఆ తెగులు ఐరోపాను ముంచెత్తినది. 2020, 2021 సంవత్సరములలో మన సంఘములలో సమాధి కార్యక్రమములు జరిపిన కాపరులకు ఆ 118 రాళ్ళు చదువుట ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందువలన మార్గముపై ఆధారపడిన సంఘము నశించును, నేలలో వేరు పారిన సంఘము నిలుచును అని సూత్రము కట్టవచ్చునా? కేరళ సంఘము నిలిచినది, చీనా సంఘము నిలువలేదు గనుక ఆ మాటలో కొంత నిజమున్నది. కాని దానిని కూడ తూచవలెను. కేరళ సంఘము నిలుచుటకు చెల్లించిన వెలలో కులవ్యవస్థలో తనకొక స్థానము సంపాదించుకొనుట కూడ ఒకటి. వేరు పారుట మంచిదే. ఎట్టి నేలలో, ఎవరి తలమీద అనునది కూడ అడుగవలెను.

6. బోధకులకు కొన్ని సూచనలు

ఈ పద్ధతిని విడిచిపెట్టుమని మేము చెప్పుట లేదు. దీనిని లేఖనము నేర్పిన రీతిగా వాడుమని చెప్పుచున్నాము. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో లూకా ఒకే పట్టణములో ఇద్దరు స్త్రీలను చూపుచున్నాడు. ఒకతె తుయతైర నుండి వచ్చిన ఊదా రంగు పొడి అమ్ము లూదియ. ఆమెకు పేరున్నది, ఇల్లున్నది, సంఘము ఆమె యింట కూడినది. మరియొకతె యజమానులకు లాభము తెచ్చిపెట్టు దాసి. ఆమెకు పేరు లేదు. ఆమె విడుదల పొందినప్పుడు యజమానులు చూచినది తమ లాభము పోయెననియే. లూదియను గూర్చి మాత్రము చెప్పి ఆ చిన్నదానిని విడిచిన బోధ ఫిలిప్పీ చరిత్ర కాదు.

కాబట్టి మా అనుభవమునుబట్టి ఈ క్రిందివి సూచించుచున్నాము. మొదటిది, ఒక్కొక్క పాఠమునకు ఒక్కొక్క పత్రము చాలును: షియాన్ శాసనము, కొల్లము తామ్రపత్రములు, మోటుపల్లి అభయ శాసనము, రబ్బాన్ సౌమా యాత్ర, ఇస్సిక్ కూల్ సమాధులు. ఐదు పాఠములలో వెయ్యి సంవత్సరముల దారి విద్యార్థి మనస్సులో నిలుచును. రెండవది, పాఠము విద్యార్థి ఎరిగిన సంతలోనో, బెల్లము బజారులోనో ప్రారంభము కావలెను. మూడవది, ప్రతి పత్రమును నాలుగు ప్రశ్నలతో చదివించవలెను. దీనిని ఎవరు, ఎవరికొరకు వ్రాసిరి? ఇందులో ఏ సరుకు, ఏ మాట, ఏ విశ్వాసము ఒకచోటనుండి మరియొకచోటికి కదలినది? తూకము ఎవరి చేతిలో ఉన్నది? పేరు లేనివారు ఎవరు? ఈ నాలుగింటిలో చివరి రెండును విడిచినయెడల మొదటి రెండు వర్తకుల చరిత్రగా మాత్రమే మిగులును.

వేదాంత కళాశాలలో లోకచరిత్ర ఎందుకు, వాక్యము చాలదా అని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ భయము మాకు తెలియనిది కాదు. కాని యెహెజ్కేలు 27వ అధ్యాయము తూరు పట్టణపు వర్తకమును సరుకు సరుకుగా, ఊరు ఊరుగా లెక్కించుచున్నది. ప్రవక్తకు తగిన పాఠము మనకు తగనిది కాదు.

ముగింపు

మీ మతము తెల్లవారితో వచ్చినది కాదా అను ప్రశ్నకు ఇప్పుడు మనము ఇయ్యగల జవాబు ఏమి? ఆసియా క్రైస్తవ్యము ఐరోపా దయవలన పుట్టినది కాదని చెప్పగలము. వెయ్యేండ్ల సాక్ష్యమును పటము మీద చూపగలము. మధ్యయుగములో తెలుగువారి సంఘమునకు ఆధారము లేదని కూడ అదే నోటితో చెప్పవలెను. ఆ తరువాత మన సొంత చరిత్రకు రావలెను. ఒంగోలు ప్రాంతపు ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కుటుంబములో పుట్టి, వ్యాపారరీత్యా తిరుగుచుండగా సువార్త విని, 1866లో బాప్తిస్మము పొంది, తన జనులయొద్దకు తిరిగి వెళ్ళెను. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి వెనుక దొరల కృషితోపాటు ఇట్టివారి నడక ఉన్నది. తెలుగు నేలలో కూడ సువార్త వ్యాపారి కాలిబాటను నడచినది. అయితే ఈసారి దానిని మోసినవాడు కాటా పట్టిన షావుకారు కాడు. తూకములో ఎల్లప్పుడు తక్కువ పడినవాడు.

కొల్లము పత్రములో పేరు లేనివారికి, ఫిలిప్పీలో పేరు లేని చిన్నదానికి మన తరగతి గదులలో చోటు దొరకినప్పుడు మధ్యయుగ చరిత్ర మన సంఘమునకు చరిత్ర అగును. ఆనాడు కాటా సంఘము చేతిలో ఉండెను. నేడు మన సంఘముల భూములు, పాఠశాలలు, ఆసుపత్రులు, పదవులు మన చేతులలో ఉన్నవి. ఆ తూకమును గూర్చి మన విద్యార్థులు మనలను అడుగు దినము వచ్చును. వారికి అడుగుట నేర్పినవారముగా మనము ఉందుము గాక.